పాత వస్తువు – మన కొలత
(వాడిన బెల్టు, బూట్లు, బ్యాగు, గడియారాలను ఇంట్లోనే సరిచేసుకునే పద్ధతులు)

– ఒక పూర్వ విద్యార్థి



"చెప్పు సరిపోలేదని కాలు కోసుకుంటామా?" అని మన పెద్దవాళ్ళు అంటుంటారు. మాట చిన్నదే అయినా మన హాస్టల్ జీవితానికి చాలా దగ్గరి మాట. మనలో చాలామందికి బెల్టు అన్నయ్య దగ్గర నుంచి వస్తుంది. బూట్లు మేనమామ కొడుకు దగ్గర నుంచి వస్తాయి. స్కూలు బ్యాగు ఎవరో దాత ఇచ్చినదై ఉంటుంది. కొందరం వారపు సంతలో పాత సామాను రాశిలో ఏరుకుంటాం. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత ఇలాంటి వస్తువులకు పేరున్న చోట్లు. ఇలా వచ్చిన వస్తువులు మంచివే. చిక్కల్లా ఒక్కటే. అవి ఇంకొకరి ఒంటి కొలతకు తయారైనవి.

సరిపోని వస్తువుతో రెండు నష్టాలున్నాయి. ఒకటి ఒంటికి. బిగుతు బూటు వల్ల మడమ మీద బొబ్బ లేస్తుంది, అది చితికి పుండవుతుంది, నాలుగు రోజులు బడి పోతుంది. రెండోది మనసుకు. నడుము చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగిన బెల్టు పెట్టుకుని ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళిన అబ్బాయి ధ్యాస సగం ఆ బెల్టు మీదే ఉంటుంది. వస్తువు పాతదని ఎవరూ గమనించరు. సరిపోలేదన్నది మాత్రం అందరికీ కనిపిస్తుంది. కాబట్టి పాతదని సిగ్గుపడే బదులు మన కొలతకు మార్చుకోవడం నేర్చుకుంటే చాలు. దానికి పెద్ద ఖర్చు లేదు. ఒక టేపు, ఒక దబ్బనం, కొంచెం ఓపిక ఉంటే సరిపోతుంది. మన లెక్కల పుస్తకంలోని వృత్తం, భౌతికశాస్త్రంలోని పీడనం కూడా ఇక్కడ పనికొస్తాయి.

1. ముందుగా మూడు పరీక్షలు

ప్రతి పాత వస్తువూ సరిచేయడానికి పనికిరాదు. చేతిలోకి తీసుకోగానే ఈ మూడూ చూడాలి.

మొదటిది, ప్రాణం ఉందా? బెల్టును గట్టిగా వంచి చూడండి. పైపొర పెచ్చులుగా లేస్తే అది రెక్సిన్, దాని ఆయుష్షు తీరినట్లే. బూటు అడుగును బొటనవేలి గోరుతో నొక్కండి. కొన్ని రకాల మెత్తటి ప్లాస్టిక్ అడుగులు వాడకుండా అలమరాలో పెట్టినా గాలిలోని తేమకు ఏళ్ళ తరబడి లోలోపల చీకిపోతాయి. చూడడానికి కొత్తగానే ఉండి నాలుగు అడుగులు వేయగానే పొడిపొడిగా రాలిపోతాయి. అలాంటివి వద్దు.

రెండవది, వంకర ఉందా? బూట్లను బల్ల మీద పక్కపక్కన పెట్టి వెనుక నుంచి చూడండి. ఒక పక్కకు ఒరిగితే పాత యజమాని నడక వల్ల మడమ ఒకవైపు అరిగిందన్నమాట. వాటిని వేసుకుంటే మన పాదమూ అటే ఒరుగుతుంది, మోకాలు నొప్పి పెడుతుంది. మడమ కొత్తగా కొట్టించగలిగితే సరే, లేదా వదిలేయండి.

మూడవది, శుభ్రం చేయగలమా? పాత బూట్లలోని లోపలి అట్టను తీసి పారేయాలి. దాని మీద పాత యజమాని పాదం అచ్చు, చెమట, ఒక్కోసారి వేళ్ళ సందుల్లో వచ్చే ఫంగస్ కూడా ఉంటాయి. బట్టబూట్లను సబ్బుతో ఉతికి ఎండలో ఆరబెట్టండి. తోలు బూట్లను మాత్రం సబ్బునీటిలో పిండిన గుడ్డతో తుడిచి నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. మండుటెండలో తోలు బిరుసెక్కి పగులుతుంది, అతికించిన జిగురు ఊడుతుంది. గడియారం పట్టీని, గాజులను, కమ్మల కాడలను స్పిరిట్ దూదితో తుడవాలి. కమ్మలను ఒకరివి ఒకరు తుడవకుండా పెట్టుకోవడం అసలే మంచిది కాదు.

2. బెల్టు – ఎటువైపు కత్తిరించాలి?

చాలామంది పొడవైన బెల్టును కొస వైపు కత్తిరిస్తారు. అలా చేస్తే కోసుగా ఉన్న చివర పోతుంది, కొస మొండిగా తయారవుతుంది, రంధ్రాలు చివరికంటా వచ్చేస్తాయి. బెల్టును ఎప్పుడూ బకిల్ వైపే తగ్గించాలి.

సాధారణంగా బెల్టుకు ఐదు రంధ్రాలు, వాటి మధ్య సుమారు ఒక అంగుళం దూరం ఉంటాయి. బకిల్ ముల్లు మొదలు నుంచి మధ్య రంధ్రం వరకు ఉన్న దూరమే ఆ బెల్టు కొలత. ఇప్పుడు లెక్క చూద్దాం. ప్యాంటు వేసుకున్నాక మీ నడుము కొలత 27 అంగుళాలు. బెల్టు మధ్య రంధ్రం 34 అంగుళాల దగ్గర ఉంది. పెద్దవాళ్ళయితే 34లోంచి 27 తీసేసి 7 అంగుళాలు కత్తిరించవచ్చు. కానీ మీరు పెరిగే పిల్లలు. బకిల్ వైపు నుంచి రెండవ రంధ్రం ఇప్పటి నడుముకు సరిపోయేలా చూసుకోండి. అది 33 అంగుళాల దగ్గర ఉంటుంది. 33లోంచి 27 పోతే 6 అంగుళాలు కత్తిరిస్తే చాలు. మిగిలిన మూడు రంధ్రాలు మరో మూడు అంగుళాల పెరుగుదలకు పనికొస్తాయి. కత్తిరించే ముందు రెండుసార్లు కొలవండి. ఒకసారి కోశాక మళ్ళీ అతకదు.

బకిల్ మూడు రకాలు. వెనుక చిన్న మూతలా తెరుచుకునే పళ్ళ బకిల్ అయితే మూత లేపి, బెల్టు లాగి, కోసి, మళ్ళీ దూర్చి నొక్కేయవచ్చు. స్క్రూ బకిల్ అయితే స్క్రూ విప్పి, కోసినచోట కొత్త రంధ్రం చేసి బిగించాలి. కుట్టు బకిల్ అయితే చెప్పులు కుట్టే అన్న దగ్గరికి వెళ్ళడమే మేలు, లేదా అదనపు రంధ్రాలు చేసుకోవాలి.

రంధ్రం చేసేటప్పుడు బ్లేడుతో గాటు పెట్టకండి. గాటు రెండు చివరలా సూదిమొనలా ఉంటుంది. లాగిన బలమంతా ఆ మొనల దగ్గర చేరి అక్కడి నుంచి చీలుకుంటూ పోతుంది. గుండ్రటి రంధ్రంలో బలం చుట్టూ పంచబడుతుంది, అందుకే ఎక్కువకాలం నిలుస్తుంది. తోలుకు బోలు పంచ్ పెట్టి, కింద చెక్క ముక్క ఉంచి, సుత్తితో ఒక్కటి వేయాలి. రెక్సిన్‌కైతే కాల్చిన మేకు కూడా పనిచేస్తుంది, అంచు కరిగి దానంతటదే గట్టిపడుతుంది. కానీ ఈ పని పెద్దవాళ్ళ ఎదుట, పట్టకారుతో, గాలి ఆడేచోటే చేయాలి. తోలుకు కాల్చిన మేకు వద్దు, తోలు మాడి పెళుసవుతుంది.

3. బూట్లు – ఏది సరిచేయగలం, ఏది చేయలేం

ముందు పాదం కొలుద్దాం. సాయంత్రం పూట కొలవండి. రోజంతా నిలబడి నడిచాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. గోడకు మడమ ఆనించి, తెల్లకాగితం మీద నిలబడి, పొడవైన వేలి చివర గుర్తు పెట్టండి. రెండు పాదాలూ కొలవండి, చాలామందికి ఒకటి కొంచెం పెద్దగా ఉంటుంది. పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. బూటు లోపలి అట్టను పారేసే ముందు దాన్నీ కొలవండి. అది పాదం కన్నా 1 నుంచి 1.5 సెం.మీ. పొడవుండాలి. పాదం 24.5 సెం.మీ. అయితే అట్ట 25.5 నుంచి 26 సెం.మీ. ఉండాలన్నమాట.

బూటు మీది అంకె సంగతి కూడా తెలుసుకోవాలి. మన దేశంలో ఎక్కువగా వాడే బ్రిటిష్ కొలతలో ఒక్కో సైజుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మి.మీ. ఐరోపా కొలతలో ఒక్కో అంకెకు సుమారు 6.7 మి.మీ. అందుకే ఒకే బూటు మీద 7 అనీ, 41 అనీ రెండు అంకెలు కనిపిస్తాయి. ఈ కొలతలేవీ మన పాదాలను చూసి చేసినవి కావు. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 ప్రాంతాల్లో లక్షమందికి పైగా పాదాలను కొలిపించింది. మనవాళ్ళ పాదాలు వెడల్పు ఎక్కువని అందులో తేలింది. పొడవు సరిపోయినా పక్కన ఒరుసుకుంటున్నదంటే తప్పు మీ పాదానిది కాదు.

(అ) కొంచెం వదులైతే: అర సైజు, మహా అయితే ఒక సైజు వదులును సరిచేయవచ్చు. 3 మి.మీ. మందం ఫోమ్ షీటు లేదా పాత కంబళి ముక్క తీసుకుని, పారేయబోయే అట్టను దాని మీద పెట్టి గీసి, కత్తిరించి లోపల పరవండి. మడమ జారుతుంటే బూటు నాలుక లోపలివైపు ఒక మెత్తటి ముక్క అతికించండి. అది పాదాన్ని వెనక్కి నెడుతుంది, మడమ కుదురుగా కూర్చుంటుంది.

(ఆ) చాలా వదులైతే: వేళ్ళ దగ్గర కాగితాలు, గుడ్డలు కుక్కే అలవాటు ఉంది. అది మంచిది కాదు. మన పాదం వేళ్ళ మొదట్లో వంగుతుంది. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. రెండు సైజులు పెద్దదైన బూటు ఇంకోచోట వంగుతుంది. ఎన్ని కాగితాలు కుక్కినా ఆ చోటు మారదు. అలాంటి బూట్లు పెద్ద తరగతి అన్నకో అక్కకో ఇచ్చేయండి.

(ఇ) వెడల్పు చాలకపోతే: అసలైన తోలు అయితే కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది. బిగుతుగా ఉన్నచోట లోపల తడిగుడ్డతో అద్ది, మందపు సాక్సుతో వేసుకుని ఇంట్లోనే పదిహేను, ఇరవై నిమిషాలు తిరగండి. ఇలా నాలుగైదు సాయంత్రాలు చేయాలి. కొందరు చెప్పులు కుట్టేవారి దగ్గర కర్ర అచ్చు ఉంటుంది, ఒక రాత్రి దానికి తొడిగి ఉంచితే ఇంకా మేలు. రెక్సిన్ సాగదు, బలవంతం చేస్తే పగులుతుంది.

(ఈ) పొడవు చాలకపోతే: దీనికి మందు లేదు. వేళ్ళు ముడుచుకుని నడిస్తే గోళ్ళు లోపలికి పెరుగుతాయి, పెరిగే వయసులో వేళ్ళు వంకర తిరుగుతాయి. బూటు ఎంత ఖరీదైనదైనా వదులుకోండి.

(ఉ) లేసు కట్టే విద్య: పాదం పైభాగం ఎత్తుగా ఉండి నొక్కుకుంటుంటే, ఆ చోట అడ్డంగా వచ్చే లేసును తప్పించి, నిలువుగా పై రంధ్రంలోకి తీసుకోండి. ఒత్తిడి వెంటనే తగ్గుతుంది. మడమ జారుతుంటే, ఆటబూట్లకు అన్నిటికన్నా పైన ఉండే అదనపు రంధ్రంలోకి లేసును అదే పక్కన దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. ఎదుటి పక్క లేసును ఆ ఉచ్చులోంచి తీసి బిగించి ముడి వేయండి. పైసా ఖర్చు లేని పని ఇది.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. మనలో చాలామందికి ఇప్పుడు షుగరు ఉంది. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు, బూటు ఒరుసుకున్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. మీరు మాత్రం ఇంకొకరి కాలికి అలవాటుపడిన బూట్లను సరిచేసుకుని వేసుకునే ప్రయోగం చేయకండి.

4. బ్యాగు – పీడనం పాఠం

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. ఈ సూత్రం మన భుజం మీదే ఉంది. 4 కిలోల బ్యాగు రెండు పట్టీల మీద వేలాడుతోందనుకోండి. ఒక్కో పట్టీ భుజానికి 20 సెం.మీ. పొడవున ఆనుతోంది. పట్టీ వెడల్పు 2 సెం.మీ. అయితే మొత్తం వైశాల్యం 80 చదరపు సెం.మీ. అంటే ప్రతి చదరపు సెం.మీ. మీద 50 గ్రాముల బరువు. అదే పట్టీ 5 సెం.మీ. వెడల్పయితే వైశాల్యం 200, బరువు 20 గ్రాములే. బ్యాగు మారలేదు, పుస్తకాలు మారలేదు, భుజం నొప్పి మాత్రం తగ్గింది.

కాబట్టి సన్నపట్టీల పాత బ్యాగు దొరికితే, పాత తువ్వాలును నాలుగు మడతలు వేసి, 5 సెం.మీ. వెడల్పున గొట్టంలా కుట్టి, పట్టీని అందులోంచి దూర్చండి. మెత్తగానూ వెడల్పుగానూ ఉంటుంది, మాసినప్పుడు తీసి ఉతుక్కోవచ్చు. కాకపోతే ఒక జాగ్రత్త. మడతలు బిరుసుగా, గట్టిగా కుట్టాలి. పలచగా ఉంటే పట్టీ సన్నగానే దిగబడి పాత కథే అవుతుంది.

పట్టీ జారిపోతుంటే బకిల్ తప్పు కాకపోవచ్చు, పట్టీ చివర అరిగి పలచబడి ఉంటుంది. చివరను రెండు మడతలు వేసి చతురస్రంలా కుట్టి, మధ్యలో ఒక మూల నుంచి ఇంకో మూలకు అడ్డంగా రెండు కుట్లు వేయండి. బలం నాలుగు వైపులకూ పంచబడుతుంది. దారాన్ని రెండు పేటలు చేసి కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి జారకుండా నిలుస్తుంది. దబ్బనం మొద్దుబారితే గరుకు కాగితం మీద రుద్దుకోండి.

బ్యాగు అడుగు నడుము కిందికి వేలాడకూడదు. బరువు పుస్తకాలు వీపు వైపు పెట్టాలి. 2020లో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం బ్యాగు బరువు విద్యార్థి బరువులో పదో వంతు మించరాదు. 40 కిలోల విద్యార్థికి 4 కిలోలు. ఎంత మంచి పట్టీ కుట్టినా ఈ హద్దు దాటితే లాభం లేదు.

5. చేతి గడియారం, కళ్ళజోడు

మన ఇళ్ళలో తాతల నాటి హెచ్.ఎం.టి. గడియారాలు ఇంకా కనిపిస్తాయి. బెంగళూరులో 1961లో ఆ గడియారాల తయారీ మొదలైంది. 2016లో ఆ గడియారాల కంపెనీని మూసివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. కీ ఇస్తే నడిచే ఆ గడియారాలు నేటికీ పరీక్ష హాలుకు బాగా పనికొస్తాయి.

తోలు పట్టీ మార్చాలంటే గడియారానికి పట్టీ తగిలే సందును మిల్లీమీటర్లలో కొలవండి. సాధారణంగా 18, 20, 22 ఉంటుంది. ఆ అంకె చెబితే చాలు, కొట్టువాడు సరైన పట్టీ ఇస్తాడు. ఇనుప గొలుసు వదులైతే లంకెలు తీయాలి. గొలుసు లోపలివైపు చిన్న బాణం గుర్తులుంటాయి. బాణం చూపినవైపు పిన్నును బయటికి నెట్టాలి, తిరిగి పెట్టేటప్పుడు ఎదురు దిశలో దూర్చాలి. రెండు లంకెలు తీయాల్సి వస్తే ఒకవైపే తీయకండి, అటొకటి ఇటొకటి తీయండి. అప్పుడే కొక్కెం మణికట్టు అడుగున మధ్యలో ఉంటుంది. కింద తువ్వాలు పరుచుకుంటే పిన్ను పోదు. తీసిన లంకెలు దాచండి, మీ చెయ్యి పెరుగుతుంది. గొలుసు కింద చిటికెనవేలు దూరితే కొలత సరిగ్గా ఉన్నట్లు.

కళ్ళజోడు విషయంలో ఒక్కటే నియమం. ఫ్రేము పాతది కావచ్చు, అద్దాలు మాత్రం మీ కళ్ళకు పరీక్ష చేయించి వేయించినవే కావాలి. ఇంకొకరి పవర్ అద్దాలు పెట్టుకుంటే తలనొప్పి వస్తుంది, బోర్డు మీది అక్షరాలు సరిగా కనిపించవు. ఫ్రేము జారుతుంటే ముక్కు దగ్గరి రబ్బరు మెత్తలు మార్పించండి. చెవుల వెనుక వంపును కళ్ళద్దాల కొట్టులో నిమిషంలో సరిచేస్తారు.

6. గాజులు, ఉంగరాలు, పట్టీలు

గాజుల కొట్టులో "2-4, 2-6, 2-8" అంటారు కదా, అందులో భిన్నాల లెక్క ఉంది. 2-4 అంటే లోపలి వ్యాసం 2 అంగుళాల మీద 16లో 4 భాగాలు, అనగా 2.25 అంగుళాలు. 2-6 అంటే 2.375, 2-8 అంటే 2.5 అంగుళాలు. మీ సైజు తెలుసుకోవాలంటే బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర చుట్టుకొలత తీయండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. చుట్టుకొలత 18.9 సెం.మీ. అయితే వ్యాసం సుమారు 6 సెం.మీ., అంటే 2-6. లోహపు గాజు వదులైతే లోపలివైపు పట్టుదారం చుట్టవచ్చు. గాజు గాజులకు మార్పు లేదు, సరైన చేతికి ఇచ్చేయడమే.

వదులు ఉంగరానికి అరచేతివైపు దారం చుడితే నిలుస్తుంది. బిగుతు ఉంగరాన్ని మాత్రం తోయకండి. ఇరుక్కుంటే చెయ్యి పైకెత్తి కాసేపు ఉంచి, సబ్బునీళ్ళు పోసి, తిప్పుతూ తీయాలి. రాకపోతే, వేలు రంగు మారితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాళ్ళ పట్టీలు వదులైతే కంసాలి ఒకటి రెండు లంకెలు తీసి ఇస్తాడు. బిగుతైతే చిన్న రింగులు కలుపుతాడు.

7. ఈ విద్య ఎవరిది?

రంధ్రం ఎక్కడ పెట్టాలో, తోలు ఎటు సాగుతుందో, ఏ కుట్టు నిలుస్తుందో తెలిసిన చేతులు మన ఊళ్ళలో తరతరాలుగా ఉన్నాయి. ఆరెతో తోలుకు కన్నం పెట్టి, రంపెతో అంచు చెక్కి, పాదం మీద ఒక్కసారి చెయ్యి వేసి కొలత చెప్పగలిగిన పెద్దలు మనలో చాలామంది ఇళ్ళలోనే పుట్టారు. వారి పనిని లోకం చిన్నచూపు చూసింది. వారిని ఊరి బయట ఉంచింది, వారు కుట్టిన చెప్పులు మాత్రం ఊరంతా వేసుకుంది. పైన మనం చెప్పుకున్న వైశాల్యం, పీడనం, చుట్టుకొలత వారికి పేర్లతో తెలియకపోవచ్చు. పని మాత్రం వారికి తెలుసు. పుస్తకంలో చదివితే విజ్ఞానం, చేత్తో చేస్తే హీనమైన పని అనే మాటను చదువుకున్న మనమే తిరగరాయాలి. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళినప్పుడు "మీరు ఇది ఎలా చేస్తారు?" అని అడగండి, దగ్గర కూర్చుని చూడండి, ఇవ్వాల్సిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.

8. మన హాస్టల్లో చేయదగిన పని

ఒక రేకుపెట్టెలో ఈ వస్తువులు పెట్టి అందరికీ అందుబాటులో ఉంచుకోవచ్చు: కొలత టేపు, రెండు దబ్బనాలు, నైలాన్ దారం, కొవ్వొత్తి ముక్క, బోలు పంచ్, చిన్న సుత్తి, కత్తెర, ఫోమ్ షీటు, గరుకు కాగితం, స్పిరిట్ సీసా, దూది. నెలకొక ఆదివారం పెద్ద తరగతులవారు చిన్నవారికి నేర్పితే ఏడాదిలో ప్రతి ఒక్కరికీ చేయి తిరుగుతుంది.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మీ పిల్లలు వాడిన బూట్లు, బ్యాగులు, బెల్టులు తెస్తున్నారు, సంతోషం. వాటిని గోనెసంచిలో కలిపి ఇస్తే సగం సరిపోక మూల పడి ఉంటాయి. దయచేసి మూడు పనులు చేసి ఇవ్వండి. శుభ్రం చేయండి. బూట్ల జతను లేసులతో కలిపి కట్టండి. ఒక చీటీ మీద కొలత రాసి అంటించండి: బూటుకు లోపలి అట్ట పొడవు, బెల్టుకు మధ్య రంధ్రం వరకు పొడవు, గాజులకు సైజు. అప్పుడు ఏ వస్తువు ఎవరికి చేరాలో చూడగానే తెలుస్తుంది.

అభ్యాసం

1. మీ నడుము 26 అంగుళాలు. బెల్టు మధ్య రంధ్రం 32 అంగుళాల దగ్గర ఉంది. రెండవ రంధ్రం సరిపోవాలంటే బకిల్ వైపు ఎన్ని అంగుళాలు కత్తిరించాలి?
2. చేతి చుట్టుకొలత 20 సెం.మీ. అయితే ఏ సైజు గాజు సరిపోతుంది?
3. మీ బరువు 35 కిలోలు. మీ బ్యాగు ఎంతకు మించకూడదు? ఈ రోజు తూచి చూడండి.
4. రెండు సైజులు పెద్ద బూటులో కాగితం కుక్కడం ఎందుకు తప్పు?

(జవాబులు: 1. 5 అంగుళాలు. 2. వ్యాసం సుమారు 6.37 సెం.మీ., అంటే 2-8. 3. 3.5 కిలోలు. 4. బూటు వంగే చోటు, పాదం వంగే చోటు కలవవు కాబట్టి.)